తలుపు వెనక యమన్

సిద్దిపేటలో గజేందర్ గురూజీ హిందుస్తానీ నేర్పబట్టి చాలా ఏళ్లయింది. ఇంతవరకూ ఎవరికీ గండా కట్టలేదు. ముంజేతికి ఎర్రదారం కట్టి, నలుగురిలో శిష్యురాలిగా ఒప్పుకోవడమే గండా. ఈ గురుపూర్ణిమకు కడతానని ఆయన అన్నప్పటినుంచీ, ఆయన దగ్గర నేర్చుకునే సాత్వికకు కంటిమీద కునుకు లేదు. ఒకరికా, ఇద్దరికా? ఆయన చెప్పలేదు, ఈమె అడగలేదు.

పోటీ అంటూ ఉంటే లిడియాతోనే. తొగుట ఊరి నుంచి మొదటి బస్సుకే వస్తుంది. మొదట్లో ఆ పిల్ల పాటను సాత్విక ఎగతాళి చేసేది. ఇప్పుడా నవ్వు ఎటో పోయింది. ఎందుకంటే తను వచ్చేసరికి గురూజీ గది తలుపు వేసి ఉంటోంది. లోపల ఓ ఆడగొంతు యమన్ రాగం పాడుతోంది! తను భయంభయంగా అందుకునే మధ్యమం మీద ఆ గొంతు హాయిగా నిలబడుతోంది. తలుపు కొట్టగానే పాట ఆగుతుంది. కాసేపటికి లిడియా పెరటివైపు నుంచి చేతులు తుడుచుకుంటూ వస్తుంది.

"ఏం జేస్తున్నవ్ ఆడ?"

"గురూజీకి చాయ్ పెడుతున్న అక్కా."

చాయట! సాత్విక నమ్మితేగా.

మర్నాడు బస్టాండులోనే లిడియాను ఆపింది. "గురూజీ నిన్ను ఇగ రావద్దన్నరు. నీ గొంతుకు గండా దండగంట. పోయి అడగకు, ఇంకింత బాధపడ్తరు."

లిడియా తొగుట బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. సాత్విక వెనక్కి చూడకుండా నడిచింది.

గురూజీ ఇంటి మెట్టెక్కేసరికి మళ్లీ అదే గొంతు.

ఈసారి తలుపు తోసేసింది. లోపల గురూజీ ఒక్కరే. తంబురా పక్కన ఫోను పాడుతోంది.

"ఎవరిది గురూజీ ఈ గొంతు?"

దొరికిపోయిన దొంగలా ఆయన నవ్వారు. "నీదే, గుర్తువట్టలేవా? అవునులే, ఎవరి పాట వాళ్లు వినొద్దని నేనే అంటి. వింటే మురిసి ఆగిపోతరని నా భయం. గండా కట్టాలంటే పుణెల మా గురువుగారు ఒప్పుకోవాలె. అందుకే చాటుగ రికార్డు చేసి మీ ఇద్దరియి పంపిన. ఇద్దరికీ కట్టుమన్నరు. నాకే ఇంక వినుడు ఆపబుద్ధయితలేదు."

పీట మీద రెండు ఎర్రదారం ఉండలు ఉన్నాయి.

"లిడియా ఏది? ఇయ్యాల చాయ్ లేదా?"

సాత్విక చూపు ఆ రెండు ఉండల మీదే ఉంది.

"తొగుట బస్సెక్కింది గురూజీ. అబద్ధం చెప్పి నేనే పంపిన."

గురూజీ ఫోను ఆపారు. రెండు ఉండలూ తీసి పెట్టెలో పెట్టి మూత వేశారు.