వెనక్కి నడిచిన పిల్లి

బొమ్మల పిల్లిని చంపినా చావదు. రోడ్డు రోలరు కింద పడి చాపలా చదునైపోయినా, మరుక్షణం తోక దులుపుకుని లేస్తుంది. ఆ మూకీ బొమ్మల సినిమాల కంపెనీలో అందరికీ అన్నం పెట్టేది ఆ పిల్లే. పెద్ద చిత్రకారుడు పెన్సిల్‌తో గీసిన బొమ్మలను సిరాతో దిద్దడం వదిన పని. వరసలతో నిమిత్తం లేదు, కంపెనీలో అందరికీ ఆమె వదినే. రోజుకు ఎనభై కాగితాలు దిద్దినా కలం ఆగేది కాదు.

ఆ సోమవారం ఆగింది. కొత్త కట్టలో పిల్లి తాపీ పని చేస్తోంది. నాలుగో అంతస్తు పరంజా మీద నడుస్తూ, చెక్క అయిపోయిందని చూసుకోకుండా గాల్లోకి వెళ్లిపోయి, దబ్బున కింద పడుతుంది. నడక ఎనిమిది కాగితాలు, పడడం ఎనిమిది. వదిన భర్త తాపీమేస్త్రీ. రెండేళ్ల క్రితం అలాంటి పరంజా మీద నుంచే పడి చనిపోయాడు. చిత్రకారుడికి ఆ సంగతి తెలియదు. తెలిస్తే గీసి ఉండేవాడు కాదు, మంచి మనిషి.

నడక దిద్దేసింది. పడే కాగితం మీద కలం ఆనలేదు. సాయంత్రానికి కట్ట కెమెరా గదికి చేరకపోతే ఉద్యోగం ఊడుతుంది, ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. చివరికి నడక బొమ్మలనే వేరే కాగితాల మీద మళ్లీ దిద్ది, అంకెలు మాత్రం తిరగేసి వేసింది. ఎనిమిదోదానికి తొమ్మిది, ఏడోదానికి పది, అలా మొదటిదానికి పదహారు. కెమెరా అతను బొమ్మ చూడడు, అంకె చూసి ఫొటో తీసుకుంటూ పోతాడు.

శనివారం సినిమా హాల్లో మొదటి ఆట. వదిన వెనక గోడకు ఆనుకుని, ప్రాణాలు అరచేత పెట్టుకుని నిలబడింది. పిల్లి గాల్లోకి నడిచింది. ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుందని జనం ఊపిరి బిగబట్టారు. పిల్లి అదే నడకతో వెనక్కి వెనక్కి వచ్చి పరంజా ఎక్కేసింది. హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. పిల్లి పడలేదేమని మండిపడుతూ లేచిన కంపెనీ ఓనరు, ఆ నవ్వుకు మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

ఆట అయ్యాక కళ్లు తుడుచుకుంటూ వదిన దగ్గరికి వచ్చాడు. "నిన్ను తిట్టాలనే లేచానమ్మా, నవ్వాగి చస్తేగా! ఇంత తమాషా నీకెలా తట్టింది?"

వదిన తల వంచుకుంది.

"తమాషాకి కాదండీ. వెనక్కి రావడానికి మా ఆయనకి అంత టైం దొరకలేదు. కనీసం పిల్లికైనా దొరకనీ అనుకున్నాను."