లోపలి వాపు

భర్తకు కొర్రన్నం వేరుగా వండి, కొడుక్కీ కోడలికీ తెల్లన్నం వార్చి, పప్పు దించాక వెంకటశేషమ్మ ఒక నొప్పి మాత్ర మింగింది. అది పడితేగానీ మోకాళ్ళు మాట వినవు. షుగరు చెంచురామయ్యకీ ఉంది, ఆమెకీ ఉంది. కానీ ఆ ఇంట్లో షుగరంటే ఆయనదే. మాత్రలు వేళకు ఆయన చేతిలో పెట్టాలి, సాయంత్రం నడవమని పోరాలి, పెళ్ళిళ్ళలో లడ్డూల జోలికి పోకుండా కాపు కాయాలి. ఆమె మాత్రం అందరూ తిన్నాక గిన్నెల్లో మిగిలిందేదో తినేది. పాదాలు వాచాయంటే, "వయసొచ్చినాక కాళ్ళు వాయవా మే? పొద్దస్తమానం నిలబడే ఉంటివి" అనేవాడు ఆయన. "ఆడదానికి ఒళ్ళు నొప్పులేంది?" అనేది బతికున్నప్పుడు అత్తగారు. ఎందుకు నిలబడాల్సి వస్తోందో ఎవరికీ తట్టలేదు. ఆమెకూ తట్టలేదు, అదే విచిత్రం.

ఆ రోజు ఆయన పరీక్షల కోసం ఇద్దరూ నెల్లూరు వెళ్ళారు. డాక్టరు రెబెక్కమ్మ కాగితాలు చూసి, "మీ కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయండీ" అంది.

"తిండి కాడ నేను చానా కచ్చితంగా ఉంటానమ్మా," అన్నాడు చెంచురామయ్య మీసం సవరించుకుంటూ.

వెంకటశేషమ్మకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నా భుజాలు కదిలిపోయాయి. డాక్టరమ్మకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే వంగి ఆమె వాచిన పాదం మీద వేలితో నొక్కింది. పడిన గుంట పూడలేదు. వెంటనే పరీక్షలు రాసింది. మధ్యాహ్నానికి తెలిసింది, మూత్రంలో ప్రోటీను పోతోందని.

"షుగరు ఎక్కువై కిడ్నీకి దెబ్బ తగిలితే, బాగుచేద్దామని ఒంట్లోని రక్షణ కణాలు అక్కడికి చేరతాయమ్మా. చేరినవి వెళ్ళవు. లోపల్లోపలే వాపు. ఏళ్ళ తరబడి అట్లాగే ఉంటే కిడ్నీ మచ్చలు కట్టి గట్టిపడిపోతుంది. మీకింకా మొదట్లోనే ఉంది, అదుపు చేయొచ్చు. మందులు రాస్తా. వేళకు తినండి, నడవండి, కంటినిండా నిద్రపోండి. రోజూ మింగుతున్నానన్నారే, ఆ నొప్పి మాత్ర మాత్రం ఈ రోజుతో ఆపేయండి. కిడ్నీకి అది ఇంకో దెబ్బ."

"అది లేకపోతే పని ఎట్ట సాగుతుందమ్మా?"

"అంత పని మీరొక్కరే ఎందుకు చేయాలి?"

బస్సులో ఇంటిదాకా అదే ఆలోచన. ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదే! తల్లి అడగలేదు, మొగుడు అడగలేదు, చివరికి తనను తాను కూడా అడగలేదు. భయపడాల్సిన కబురు విని కూడా ఒళ్ళు తేలికైనట్టుంది, ఏమిటో.

తెల్లారి మంచం మీద కూర్చునే చెప్పింది. "నాకిక నొప్పి మాత్ర లేదు. రెండు పూటలా వంట నా వల్ల కాదు."

చెంచురామయ్య బిత్తరపోయాడు. హోటలు నుంచి తెప్పిద్దామన్నాడు కొడుకు ముఖేష్.

"ఎన్నాళ్ళు తెప్పిస్తావు? రా, అంట్లు తోము," అంది కోడలు సుప్రియ.

చెంచురామయ్య తొలిసారి పెట్టిన చేపల పులుసులో ఉప్పు మరిచిపోయాడు. "నా కిడ్నీలకు మంచిదేలే" అంటూ ఆమె రెండోసారి కూడా వేయించుకుంది. ఎవరో వండింది తింటే ఇంత రుచిగా ఉంటుందా!

సాయంత్రాలు అత్తాకోడళ్ళు ఆటోలో మైపాడు తీరానికి వెళ్ళి తడి ఇసుకలో నడిచేవారు. అలొచ్చి కాళ్ళకు తగిలితే వెంకటశేషమ్మ చిన్నపిల్లలా కేక పెట్టేది. కొన్ని నెలలకు మళ్ళీ పరీక్ష చేయిస్తే ప్రోటీను బాగా తగ్గింది. డాక్టరమ్మ ఆమె చేయి పట్టుకుని ఊపింది.

ఆ సాయంత్రం చెంచురామయ్య మెల్లగా మాట కదిపాడు. "తగ్గిందంట గదా. రేపట్నుంచి వంట మళ్ళీ నువ్వే గదా మే?"

ఆమె చెప్పులు తొడుక్కుంటూ నవ్వింది.

"డాక్టరమ్మ చెప్పిందని పొయ్యి వదిలి నడక మొదలుపెట్టినానయ్యా. ఇప్పుడు నాకు బాగుందని నడుస్తా ఉండా."