దగ్గరికి లాగినా తగ్గని వెలుగు

నేను ఒక జూమ్ లెన్సును. ఎవరినీ తొందరగా నమ్మను. ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి. నన్ను బిగించిన ఫ్యాక్టరీలో ఒకరి పనిని మరొకరు పరీక్షించేవారు, ఆ పరీక్షించినవారిని ఇంకొకరు. నన్ను మొదట కొన్న హైదరాబాదు పెద్దమనిషి ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ తిప్పి, చివరికి అసలు వాడనే లేదని చెప్పి అమ్మేశాడు. కొనుక్కున్న యోహాను, తెనాలిలో వీడియోలు తీసేవాడు, ఆ మాట నమ్మకుండా, లోపల బూజు ఉందేమోనని టార్చి వేసి మరీ చూశాడు. నాలాంటివాడు మనుషుల్లోనూ ఒకడున్నాడని సంతోషించాను.

నా గొప్ప ఒక్కటే. చాలీచాలని స్టేజీ దీపాల కింద మామూలు జూమ్ లెన్సుతో మనిషిని దగ్గరికి లాగితే, లోపలికి వచ్చే వెలుగు తగ్గి బొమ్మ నల్లబడుతుంది. నాతో ఎంత లాగినా వెలుగు అంతే ఉంటుంది. అలా ఉండటానికే నాకింత లావూ, ఇంత బరువూ.

యోహాను నన్ను కొన్నది నాగరత్నం గారి కోసం. ఆవిడ పౌరాణిక నాటకాల్లో మీసం పెట్టుకుని రాజు వేషం కడతారు. కిందటేడు నాటక పరిషత్తు పోటీల్లో యోహాను తీసిన వీడియోలో, ఆవిడ పద్యం ఎత్తుకున్నప్పుడల్లా మొహం నల్లబడింది. మంత్రికీ, భటులకూ ఏమీ కాలేదు. పోటీ నాటక సమాజం వాళ్ళు యోహానును కొనేశారని ఆవిడ ఊరంతా చెప్పారు. నిప్పు లేనిదే పొగ రాదు కదా, నేనూ అతన్ని అనుమానంగానే చూశాను. ఎవరైనా ఆ ఊసెత్తితే చాలు, అతను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు.

ఈ ఏడు నాటకం రోజు మధ్యాహ్నం ఆవిడ కెమెరా పెట్టనివ్వనన్నారు. గొంతు పాడవుతోందట, డాక్టరు పాడటం మానేయమన్నాడట. ఇదే ఆఖరి వేషం. మిగిలే ఆ ఒక్క గుర్తులోనూ తన మొహం మసి పూసినట్టుంటే భరించలేనన్నారు.

యోహాను వాదించలేదు. ఆవిడ కిరీటాన్ని స్టేజీ మీద కుర్చీలో పెట్టి, పాత లెన్సుతో దగ్గరికి లాగి చూపించాడు. కిరీటమూ నల్లబడింది. తర్వాత నన్ను బిగించి లాగాడు. కిరీటం రాళ్ళు తళతళలాడాయి.

ఆవిడ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు.

"లెన్సుదే తప్పనుకుందాం. మరి మంత్రి మొహం ఎందుకు నల్లబళ్ళేదు యోహానూ?"

యోహాను తల వంచుకున్నాడు. "ఆయన్ని దగ్గరికి లాగలేదమ్మా. ఎవర్నీ లాగలేదు. మీరు పద్యం ఎత్తుకుంటేనే లాగబుద్ధేసింది."

ఆవిడ కుర్చీలోంచి కిరీటం తీసుకుని, కెమెరా పెట్టుకోమన్నారు. ఏడాదిగా అవమానమనుకుని కుమిలినది తనకు దక్కిన మర్యాదేనని అర్థమైనట్టుంది. యోహానును అనుమానించినందుకు నాకూ సిగ్గేసింది.

ఆ సాయంత్రం ఆవిడ ప్రతి పద్యానికీ మొహం నా వైపు తిప్పారు. ఆఖరి పద్యంలో గొంతు జీరబోయింది. అయినా జనం వన్స్‌మోర్ అన్నారు. యోహాను మరింత దగ్గరికి లాగాడు. రంగు కింది ముడతలు, మీసం అంచున జిగురు, కళ్ళలో నీళ్ళు, ఏదీ దాగలేదు. కిందటేడు చీకటన్నారు, ఈసారి వెలుగెక్కువైందని తిడతారేమోనని భయపడ్డాను.

తెర పడగానే ఆవిడ వేషం తీయకుండానే వచ్చి వీడియో చూసుకున్నారు.

"ముడతలు కూడా పడ్డాయే," అన్నారు.

కావాలంటే తీసేయొచ్చన్నాడు యోహాను.

"ఉండనీ. నేనేగా."

ఇప్పుడు నేను యోహాను బీరువాలో ఉంటున్నాను. ఎవరైనా తలుపు తీస్తే, ఎందుకొచ్చారా అని ఇప్పటికీ అనుమానమే. ఆవిడన్న ఆ మాటను మాత్రం విన్న వెంటనే నమ్మేశాను.