కింద పట్టేవాడు

ఆరింటికి అతను పక్కకి దొర్లి, మోకాళ్ల మీద ఆగి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. అందరిలా లేవడం మరిచిపోయి ఏడాదైంది. భార్య నడుముకి బెల్టు బిగించింది.

"ఇవాళైనా ఆస్పత్రికెళ్లి ఆపరేషన్‌కి సంతకం పెట్టి రా."

"సాయంత్రం చూద్దాంలే."

ఈ చూద్దానికి నాలుగు నెలలు నిండాయి. డాక్టరు అరటిపండు ఒలిచినట్టు చెప్పాడు: "డిస్కు జారి నరాన్ని నొక్కుతోంది. పాదం మొద్దుబారాక వస్తే నన్నని లాభం లేదు."

అతనిది ఫర్నిచర్ షాపులో బీరువాలు మోసే పని. అక్కడ మనుషుల్ని జతలుగా పెట్టుకుంటారు, ఒకడు మానితే రెండోవాడూ ఇంటికే. మెట్ల మీద పైవాడు దారి చూస్తాడు, కిందివాడు బరువు మోస్తాడు. పద్దెనిమిదేళ్లుగా కింద పట్టేది ఇతనే. పైన బావమరిది. "వెన్నుకి కత్తి తగిలితే మంచం పట్టినట్టే బావా" అని రోజూ నూరిపోసేది కూడా ఆ మహానుభావుడే. చదివింది ఎనిమిది, చేసేది వైద్యం! జత చెడితే వాడి పిల్లలేమైపోతారోనని ఇతని దిగులు.

మధ్యాహ్నం నాలుగో అంతస్తుకి బీరువా. లిఫ్టులో పట్టలేదు. రెండో అంతస్తు మలుపులో, నడుము నుంచి మడమదాకా రోజూ పొడిచే పోటు చటుక్కున ఆగిపోయింది. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఒరేయ్, నొప్పి పోయిందిరా!"

"నే చెప్పలా బావా, అదే పోతుందని!" పైనుంచి నవ్వాడు బావమరిది.

ఇంకెందుకా సంతకం అనుకున్నాడు. నాలుగో అంతస్తులో బీరువా దించి, నీళ్లు తాగి, హుషారుగా కిందికి దిగాడు. కుడి పాదం ప్రతి మెట్టుకీ టపటపా కొట్టుకుంటుంటే అలసటే అనుకున్నాడు.

వ్యాను దగ్గర బావమరిది నవ్వు ఆగింది. "బావా, కుడికాలి చెప్పు ఏదీ?"

చూసుకున్నాడు. ఎండకి కాగిన సిమెంటు మీద ఉత్త పాదం. చురుక్కుమనలేదు. వేళ్లు పైకెత్తబోయాడు, లేవలేదు.

సాయంత్రం సంతకం పెట్టాడు. "ఆపరేషన్ చేస్తాం. పాదం మళ్లీ లేస్తుందని మాత్రం మాటివ్వలేను" అన్నాడు డాక్టరు. నొప్పి పోవడమంటే నరం చచ్చిపోవడమని అప్పుడు తెలిసింది అతనికి. భార్య తన తమ్ముడి వైపు కన్నెత్తి చూడలేదు.

వరండాలో వాడు షాపు యజమానితో ఫోన్లో మాట్లాడుతున్నాడు: "మా బావ ఇంక రాడండి. రేపటికి వేరే మనిషిని చూశాను. గట్టివాడు, కింద పట్టగలడు."

ఎవడి కోసం నాలుగు నెలలు పళ్ల బిగువున మోశాడో, వాడికి జత దొరకడానికి ఒక్క పూట చాలింది. తలుపు పక్కన కూర్చుని అతను ప్రతి మాటా విన్నాడు.

అక్కడ, రెండో అంతస్తు మలుపులో, మెట్లు ఊడ్చేవాళ్లెవరో ఆ చెప్పుని చీపురుతో గోడవారకి నెట్టి పోయారు. దాని మడమ ఒకవైపే అరిగి ఉంది.