ఎక్కిళ్లు ఎవరికొస్తే వాళ్లదే

ఆ ఆఫీసులో పొద్దున్నే రాగానే ఎవరైనా చేసే మొదటి పని మంచినీళ్ల సీసా నింపుకుని పక్కన పెట్టుకోవడం. దాహానికి కాదు, ఎక్కిళ్లకి. ఊళ్లకి నీళ్లు తోడే పంపులుంటాయే, వాటిని నడిపే ప్రోగ్రాములు రాసే చిన్న కంపెనీ అది. వాళ్ల మెషీన్లు, అంటే కంప్యూటర్లు, అన్నీ నడిచేది లైనక్స్ మీదే. ప్రోగ్రాం రాయగానే ముందు కంపైలర్ చదువుతుంది. తప్పుంటే ఫలానా లైన్లో ఫలానా తప్పని ముఖం మీదే చెప్పేస్తుంది. దానివల్ల కాస్త పరువు పోవడం తప్ప ఎవరికీ ఏమీ కాదు. లింకరు తీరు వేరు. ముక్కలన్నీ కలిపి ఒక్క ప్రోగ్రాంగా చేసేది అదే. కలిపేటప్పుడు ఏదైనా ఫంక్షన్, అంటే ఒక్కో పని చేసిపెట్టే ముక్క, కనపడకపోతే దానికోసం వెతుకుతుంది. అది వెతికినంతసేపూ ఆ ఫంక్షన్ రాసినవాళ్లకి, వాళ్లు ఎక్కడున్నా సరే, ఎక్కిళ్లు వస్తాయి. దొరికేదాకా ఆగవు. మనల్ని ఎవరైనా తలుచుకుంటే రావూ? ఇదీ అంతే.

అందుకే, అడిగింది దొరకలేదంటూ తెరమీద 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని పడితే అక్కడ ముందు చెవులు రిక్కించి వింటారు, తర్వాతే చదువుతారు. ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన పెద్దమనిషి ఒకాయన పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చుని ఉండగా ఎక్కిళ్లు పట్టుకున్నాయి. అక్కణ్నుంచే ఫోన్ చేసి, "మీ దుంప తెగ, నా ఫైలు ఎక్కడ పారేశార్రా?" అని అడిగాడు. ఏ ఫోల్డరులో ఉంటుందో చెప్పి, ఎక్కిళ్లు ఆగాక మళ్లీ నోరు తెరుచుకున్నాడు.

ఆ రోజు సెమికోలన్ అక్క తన పాత ఉద్యోగం మళ్లీ అడగడానికి వచ్చింది. ఎవరి భుజం మీంచి చూసినా ప్రోగ్రాంలో లైను చివర తప్పిపోయిన సెమికోలన్ ఆమె కంటికి ఇట్టే దొరికేది, అందుకని ఆ పేరు. కవలలు పుట్టాక ఉద్యోగం మానేసింది. భర్త మాత్రం అక్కడే టీమ్ లీడుగా ఉన్నాడు. కంపెనీ నడిపే మేడమ్ గదిలో అద్దాల తలుపు ఓరగా తెరిచి ఉంది. కుర్చీ వేశారు, మంచినీళ్లిచ్చారు, మర్యాదకేం లోటు లేదు. కానీ మేడమ్ ముఖంలో అప్పటికే 'చూద్దాంలే' అన్న మాట కనపడుతోంది.

"మీరు మంచి పనిమంతులే, కాదనను. కానీ మధ్యలో ఇంత గ్యాప్ వచ్చింది. ఈలోగా అన్నీ మారిపోయాయి. మళ్లీ మొదట్నుంచీ నేర్చుకోవాలంటే కష్టం కదా" అంది మేడమ్.

అక్కకి ఒళ్లు మండింది. ఎందుకంటే, ఆ కంపెనీకి పేరు తెచ్చిపెట్టిన 'సాఫ్ట్ క్లోజ్' ఆమె రాసిందే. పంపు ఉన్నట్టుండి ఆగితే గొట్టంలో నీళ్లు ఎదురుతన్ని గొట్టాన్నే పగలగొడతాయి. అలా కాకుండా ఒత్తిడి చూసుకుంటూ వాల్వును మెల్లగా మూసే ఫంక్షన్ అది. ఉద్యోగం మానేశాక, పిల్లలిద్దరినీ చెరో తొడమీదా పడుకోబెట్టుకుని, లాప్‌టాప్ సోఫా చేతిమీద పెట్టుకుని రాసింది. అప్పటికే ఆమె లాగిన్ తీసేశారు కాబట్టి భర్త తన లాగిన్‌తో ఎక్కించాడు. అందరూ ఆయన్ని పట్టుకుని శభాష్ అన్నారు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఇంటికొచ్చి, "నీదీ నాదీ ఏముందిలే" అన్నాడు. ఆ మాట ఆమె గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు ఆ సాఫ్ట్ క్లోజ్ పుణ్యమా అనే కొత్త పంపుల విభాగానికి ఆయన్ని పెద్దని చేయబోతున్నారు. ఆమెకేమో పాత కుర్చీ కూడా దక్కేలా లేదు.

బయట హాల్లో బాబాయి కొత్త మెషీన్‌తో కుస్తీ పడుతున్నాడు. ముక్కలన్నీ కలిపి ప్రోగ్రాం తయారుచేసే పని ఎప్పుడూ ఆయనదే. వయసులో అందరికంటే పెద్ద, అందుకని అందరికీ బాబాయే. పాత మెషీన్ కాలిపోవడంతో అన్నీ కొత్తదాని మీదికి మార్చాల్సి వచ్చింది. ఏదో హెడర్ ఫైలు లేదని కంపైలర్ మొండికేస్తే, దాని ప్యాకేజీ వెతికి ఎక్కించాడు. హమ్మయ్య అనుకుని లింకరు దగ్గరికి వచ్చాడు.

"ఇంట్లో ఉన్నంతమాత్రాన నేను పని మానలేదు మేడమ్, నేను రాసిన..." అంటూండగా అక్కకి ఎక్కిళ్లు వచ్చాయి.

ఒకటి కాదు, వరసగా. హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. మేడమ్ మాట మధ్యలో ఆపి లేచి తలుపు దగ్గరికి వెళ్లింది.

"బాబాయ్, దేనికోసం వెతుకుతోంది?"

"సాఫ్ట్ క్లోజ్ కోసం మేడమ్. మరి మన లీడుకి కదా రావాలి?"

అందరి చూపూ లీడు మీద పడింది. ఆయన సీసా మూత తీసి పట్టుకుని కూర్చున్నాడు. దొంగ ఎక్కిళ్లు పెట్టడం ఎంతసేపు? నోరు తెరిచాడు కూడా. ఇంతలో అద్దం అవతల గుండె మీద చెయ్యి పెట్టుకుని ఎక్కిళ్లు పెడుతున్న భార్య కనపడింది. మూత బిగించేశాడు.

"నాది కాదు మేడమ్. అది మొత్తం మా ఆవిడ రాసింది. నేను ఎక్కించానంతే."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"అందరూ మెచ్చుకుంటుంటే బాగుంది మేడమ్" అన్నాడు తల దించుకుని. "అంతకుమించి కారణం లేదు."

అక్క ఆయన వైపు చూడలేదు. నేరుగా వెళ్లి బాబాయి పక్కన నిలబడింది. ఆయన లేచి కుర్చీ ఇచ్చాడు.

"సాఫ్ట్ క్లోజ్ ఉండే లైబ్రరీ ఫైలు పాడైందేమోనని తీసేసి మళ్లీ మళ్లీ ఎక్కించానమ్మా. ఊహూఁ, కనపడటం లేదంటోంది."

అక్క ఎక్కిళ్ల మధ్యలోనే లైబ్రరీలో ఏయే ఫంక్షన్ల పేర్లున్నాయో తెరమీదికి తెప్పించింది. "ఉంది కదా బాబాయ్, ఇదిగో. లైబ్రరీ నిక్షేపంలా ఉంది." తర్వాత లింకరుకి ఇచ్చిన ఆదేశం పైకి చదివింది. "లైబ్రరీ పేరు ముందు రాశారు, దాన్ని వాడుకునే ఫైలు తర్వాత రాశారు. ఇది ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. లైబ్రరీ దగ్గరికొచ్చేసరికి ఇంకా ఎవరూ దాన్ని అడగలేదు, అక్కర్లేదనుకుని పక్కన పెట్టేసింది. తీరా అడిగేసరికి చేతిలో లేదు."

"పాతదాంట్లో ఏళ్ల తరబడి ఇదే వరసలో నడిచింది కదమ్మా?"

"అది చూసీ చూడనట్టు పోయేది బాబాయ్. కొత్తవాటికి పట్టింపు ఎక్కువ. అడిగేవాళ్లు ముందుండాలి, ఇచ్చేవాళ్లు వెనకుండాలి."

లైబ్రరీ పేరు తీసుకెళ్లి చివర పెట్టి ఎంటర్ నొక్కింది. సగంలో ఉన్న ఎక్కిలి సగంలోనే ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం వినగానే ప్రోగ్రాం తయారైందని హాల్లో అందరికీ తెలిసిపోయింది.

గోడ పక్కన పరీక్షకోసం బిగించిన గాజు గొట్టం, చిన్న పంపు ఉన్నాయి. బాబాయి పంపు తిప్పి, టక్కున ఆపాడు. వాల్వు తొందరపడకుండా మూసుకుంది. గొట్టంలో నీళ్లు కాస్త ఊగి నిలబడ్డాయి. ఇంట్లో కాగితం మీద లెక్కలు వేసుకుంటూ ఊహించుకున్నదే తప్ప, తన ఫంక్షన్ పని చేయడం అక్క కళ్లారా చూడటం అదే మొదటిసారి. నాది, నేను రాసింది అనుకుంది. గర్వంతో కళ్లు చెమర్చాయి. దాచుకోలేదు.

"ఎప్పట్నుంచి రాగలరు?" అంది మేడమ్.

"నా పాత ఉద్యోగానికైతే రాను మేడమ్. కొత్త విభాగానికి పెద్దగా అయితే ఇప్పట్నుంచే వస్తాను."

మేడమ్ ఒక్క క్షణం లీడు వైపు చూసింది. "మీకేమైనా అభ్యంతరమా? ఆవిడ కింద పనిచేయాల్సి వస్తుంది."

"అలవాటే మేడమ్" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. తన మెషీన్ దగ్గర కూర్చుని, సాఫ్ట్ క్లోజ్ ఫైలు తెరిచి, పైనున్న తన పేరు చెరిపేసి ఆమె పేరు కొట్టాడు. స్పెల్లింగ్ సరిచూసుకున్నాడు. "ఒకసారి చూడు" అని పిలిచాడు.

అక్క వెళ్లి చూసింది. చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఆమె కళ్లు మెల్లగా తెర కింద వరసగా ఉన్న కంపైలర్ హెచ్చరికల మీదికి జారాయి.

"ఏవండీ, ఇన్ని వార్నింగులు ఇలా వదిలేశారేమిటి?"

"అవి ఉన్నా నడుస్తుంది కదా అని..."

"నా విభాగంలో నడవదు" అంది, కుర్చీ ఆయన పక్కకి లాక్కుంటూ. "రండి బాబాయ్, మీరూ రండి. పైనుంచి మొదలుపెడదాం."