పక్కా వీలునామా

మునెయ్య వీలునామా రాయిస్తానన్నప్పుడు శకుంతలమ్మ కోరింది ఒక్కటే. ఆయన పోయాక రేణిగుంట ఇంట్లోంచి తనను ఎవరూ వెళ్ళగొట్టకూడదు. లారీలు తిప్పుకునే మునెయ్య ఏర్పేడులో పెళ్ళాం దేవకమ్మనూ, కొడుకు మునికుమార్‌నూ వదిలేసి వచ్చి, వయసులో ఉన్నప్పుడే తిరుచానూరు గుడి దగ్గర ఈమె మెడలో తాళి కట్టాడు. ఆ తాళిని దేవుడు చూస్తే సరిపోదనీ, కోర్టు కూడా ఒప్పుకోవాలనీ ఆమెకు తిరుపతి లాయరు రాజారత్నం ముందు కూర్చున్నాకే తెలిసింది.

"మొదటి భార్య బతికుండాది గదమ్మా," అన్నాడు లాయరు. "నిన్ను భార్యని రాస్తే అది తప్పని వాళ్ళు మొదటి వాయిదాలోనే తేలుస్తారు. ఒక్క తప్పు దొరికితే సాలు, ఈయన తెలివిలో ఉండి రాసినాడా, నువ్వు పక్కన కూర్చుని రాయించుకున్నావా అని కాగితమంతా అనుమానిస్తారు. ఇల్లు ఈయన సొంత సంపాదన, ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. వంటమనిషి, ముసలితనంలో బాగా చూసుకునింది, అందుకని ఇస్తా ఉండానని రాద్దాం. పక్కాగా ఉంటాది."

ఒక అబద్ధాన్ని తీసి ఇంకో అబద్ధాన్ని కూర్చోబెట్టడమే పక్కా అంటే. చదువుకున్నవాళ్ళు చేస్తే దానికి ఫీజు కూడా ఉంటుంది.

శకుంతలమ్మ మొగుడి వైపు చూసింది, ఒక్క మాట అడ్డం చెబుతాడేమోనని. మునెయ్య పళ్ళ సందుల్లో పుల్ల తిప్పుకుంటూ, "రాసెయ్ సామీ. ఏమని రాస్తే ఏముండాది, ఇల్లు నిలబడితే సాలు," అన్నాడు. ఆమె తల ఊపింది. ఊపక ఏం చేస్తుంది, తలమీద కప్పు కావాలి కదా.

తర్వాత పనులన్నీ చకచకా జరిగిపోయాయి. మతి సరిగ్గా ఉందని డాక్టరు సర్టిఫికెట్ ఇచ్చాడు. రేపు కోర్టుకు పిలిస్తే వచ్చి చెప్పేలా వయసులో ఉన్న సాక్షులను ఇద్దరిని తెచ్చారు. రిజిస్ట్రేషన్ రోజున మునెయ్య తన నోటితో చెప్పినదంతా వీడియో తీశారు. పక్కన కనిపిస్తే బలవంతపెట్టిందంటారని శకుంతలమ్మను మాత్రం ఆఫీసు బయటే మెట్ల మీద కూర్చోబెట్టారు. ఇంటికొచ్చాక అడిగితే, "రాసిందే సెప్పినాను," అన్నాడాయన.

ఏడాది తిరక్కుండానే మునెయ్య గుండె ఆగి పోయాడు. కబురందగానే మునికుమార్ బండి తెచ్చుకుని వచ్చాడు. డబ్బు అవసరమైనప్పుడల్లా వచ్చి "చిన్నమ్మా, చిన్నమ్మా" అని ఆమె చుట్టూ తిరిగినవాడే. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. ఆమెను పక్కకు జరగమని, తండ్రి శవాన్ని ఏర్పేడుకు తీసుకుపోయాడు. శకుంతలమ్మ ఆటో మాట్లాడుకుని వెనకే వెళ్ళింది.

ఇంటి మీద కేసు వేయకుండా భయపెట్టాలని రాజారత్నం ఆ సాయంత్రమే మునికుమార్‌కు వీడియో పంపాడు. మునికుమార్ దాన్ని తన లాయరుకు చూపించాడు. ఈ వీలునామా కోర్టు కొట్టేసేది కాదు, ఊరుకో అన్నాడు ఆ లాయరు. మునికుమార్ ఊరుకున్నాడు, కానీ పరామర్శకు వచ్చిన జనం మధ్య ఫోన్ సౌండు పెంచి ఆ వీడియో పెట్టాడు.

ఇస్త్రీ చొక్కాలో మునెయ్య నవ్వుతూ కనిపించాడు. శకుంతలమ్మ నీకేమవుతుందని ఎవరో అడిగారు.

"ఏమీ కాదు. వంటమనిషి. పనికి పిలిస్తే వచ్చింది, పొమ్మన్నా పోలా. నా పెళ్ళాం ఏర్పేడులో ఉండాది, దేవకమ్మ. దేవత ఆయమ్మ."

ఈ మాటలు కాగితంలో లేవు. లాయరు చెప్పమన్నవీ కావు. శకుంతలమ్మకు ఒళ్ళంతా మండిపోయింది. చచ్చినవాడిని పట్టుకుని ఎందుకన్నావురా అని అడగడానికైనా లేదు.

"నాయన మాట దాటేది లేదు," అన్నాడు మునికుమార్. "ఇల్లు నీకే. వంటమనిషివి గాబట్టి దినాలకు వంట నువ్వే సెయ్యి. కాదు, పెళ్ళాన్నంటావా, అదీ సెప్పు. నాయన చెప్పింది అబద్ధమని నువ్వే ఒప్పుకున్నట్టు. రేపే కోర్టుకు పోతా."

ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

పెద్దకర్మ నాడు దేవకమ్మకు పుట్టింటివాళ్ళు చీరలు తెచ్చారు. పాతికేళ్ళుగా పేరెత్తితే ఉమ్మేసిన మనిషి, "నా రాజా" అని గుండెలు బాదుకుంది. చచ్చినవాడి కళ్ళు చారెడు. కళ్ళు తుడుచుకున్నాక వంటపందిరి దగ్గరికొచ్చి శకుంతలమ్మ మెడలో తాళిని చూసి, "నువ్వు తియ్యబల్లేదులే. మా ఆయన పోతే వంటమనిషి తాళి తీసేదేంది," అంది.

మిద్దె మీద విస్తట్లో సంగటి, అనపగింజల పులుసు పెట్టి కాకిని పిలిచారు. పిట్టగోడ మీద కాకులు వాలాయి గానీ ఒక్కటీ ముట్టలేదు. ఆయనకేదో తీరని కోరిక ఉందన్నారు పెద్దలు. లారీలు అమ్మనని మునికుమార్ మాటిచ్చాడు. నీ మీద నాకు కోపం లేదని దేవకమ్మ దండం పెట్టింది. కాకులు కదల్లేదు. ఎండ మాడుస్తోంది, కింద జనం ఆకలితో ఉన్నారు.

"ఆయమ్మను పిలవండప్పా," అన్నాడొక ముసలాయన. "ఇన్నేండ్లు ఆయమ్మ సేతి కూడే గదా తినింది."

శకుంతలమ్మ పిండి చేతులతో మిద్దెక్కింది. నీ పెళ్ళాన్ని నేను, తిను. ఆ మాట గొంతు దాకా వచ్చింది. మునికుమార్ ఫోన్ ఎత్తి, రికార్డు చేస్తూ ఆమె ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు.

"నేను వంటమనిషిని," అంది ఆమె విస్తరి వైపు చూస్తూ. "ఉప్పు తక్కువైందేమో. తిను సామీ."

ఒక కాకి దిగింది. దాని వెనకే ఇంకొకటి. సంగటి ముద్దను రెక్కలు కొట్టుకుంటూ పొడుచుకు తిన్నాయి.

"సూసినారా, నాయనకు ఆ మాటే కావల్సింది," అన్నాడు మునికుమార్. అందరూ ఊపిరి పీల్చుకుని భోజనాలకు దిగారు. ఇల్లు నిలబడింది. శకుంతలమ్మ అక్కడే నిలబడి కాకులు తినడం చూసింది. ఆ మనిషి చచ్చినందుకు మొదటిసారి ఆమెకు కడుపు చల్లబడింది.