జాడీ అడుగు రమ్ము

నేను బేకరీలో రాత్రి షిఫ్టు మనిషిని. లోకమంతా పళ్ళు తోముకునే వేళకు నేను పక్క ఎక్కుతాను. అన్నయ్యా వదినా ఉండే ఇంట్లోనే వెనక గది నాది. పగటి నిద్ర ఒక పట్టాన రాదని డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. "ఇవి వాడినన్నాళ్ళు తాగుడు జోలికి పోవద్దు" అని గట్టిగానే చెప్పాడు. నాకు ఆ అలవాటే లేదు కదా అని తలూపి వచ్చేశాను.

అలవాటు లేదు గానీ కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది. ఒకసారి వదిన ఏదో గిన్నె కోసం తలుపు తోసుకుని వస్తే నిద్ర చెడిందని ఇల్లు పీకి పందిరి వేశాను. "ఇల్లు తగలబడినా సరే, సాయంత్రం నాలుగు దాకా ఈ తలుపు తీయొద్దు" అన్నాను. ఆవిడ నెల రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. ఆ తలుపు మళ్ళీ తీయలేదు.

మా బేకరీలో కేకుల్లో వేసే ఎండుపళ్ళను పెద్ద గాజు జాడీలో రమ్ము పోసి నానబెడతాం. పళ్ళు అయిపోయిన రోజు అడుగున మిగిలిన చిక్కటి రసాన్ని తలా కాస్త పంచుకోవడం మాకు ఎప్పటినుంచో ఉన్న మర్యాద. తియ్యగా, ద్రాక్ష తొక్కలతో ఉంటుంది. దాన్ని పాకం అంటాం. తాగానని ఇంట్లో చెప్పుకోనక్కర్లేనిది అదొక్కటేనని మా బేకరీ మాస్టరు నవ్విస్తుంటాడు. నిజంగానే దాన్ని మేమెవరం తాగుడు అనుకోలేదు.

ఆ రోజు తెల్లవారేసరికి జాడీ ఖాళీ అయింది. ఇద్దరు సెలవులో ఉన్నారు. వాళ్ళ వాటా కూడా నా గ్లాసులోకే వచ్చింది. "పారబోయడమెందుకురా, కానియ్" అన్నాడు మాస్టరు. కానిచ్చాను. ఇంటికి వచ్చి, స్నానం చేసి, మాత్ర వేసుకుని పడుకున్నాను. కాసేపటికి ఇంకొకటి కూడా మింగినట్టున్నాను. నాకు గుర్తు లేదు. అట్టలో రెండు తక్కువ ఉన్నాయి, అంతే.

మిగతాదంతా తర్వాత తెలిసిందే. పదకొండు గంటలప్పుడు వదిన నా గది బయట బట్టలు మడతపెడుతోంది. రోజూ రంపంలా కోసే నా గురక ఆ పూట గరగరమని వచ్చి ఆగిపోయిందట. చాలాసేపటికి ఇంకోటి వచ్చి, అదీ ఆగిపోయిందట. తలుపు తీసి చూస్తే నా పెదాలు నీలంగా ఉన్నాయి. ఎంత కుదిపినా ఉలుకూ పలుకూ లేదు. అంబులెన్సుకు ఫోను చేసి, వాళ్ళు చెప్పినట్టే నన్ను పక్కకు తిప్పి, వాళ్ళు వచ్చేదాకా ఊపిరి చూస్తూ కూర్చుంది. మంచం మీది మాత్రల అట్ట కూడా వెంట తెచ్చింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ "తాగాడా?" అని అడిగితే, "మావాడు ముట్టడండీ" అందట. కానీ నా నోటి వాసన వేరే మాట చెబుతోంది. వదిన మాస్టరుకు ఫోను చేసింది.

"అబ్బే, తాగలేదమ్మా. కాస్త పాకం పుచ్చుకున్నాడు."

"దేంతో చేశారు ఆ పాకం?"

"రమ్మేనమ్మా" అన్నాడట మాస్టరు.

మర్నాడు మధ్యాహ్నం నాకు పూర్తిగా తెలివి వచ్చింది. అప్పటిదాకా గొట్టంతో మిషనే నాకు ఊపిరి ఊదింది. "రెండూ ఊపిరిని మందగింపజేసేవే. కలిశాయంటే ఒళ్ళు గాలి పీల్చడమే మానేస్తుంది. ఇంకొంచెం ఆలస్యమైతే మా చేతుల్లో ఏమీ ఉండేది కాదు" అంది డాక్టరమ్మ. ఆవిడకు చేతులెత్తి దణ్ణం పెట్టాను. నన్ను మోసుకొచ్చిన అంబులెన్సు వాళ్ళకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

వదిన పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. ఆవిడను చూడగానే ఏడుపు ఆగలేదు. "నువ్వు లేకపోతే నేను లేను వదినా" అన్నాను.

ఆవిడ నా దుప్పటి అంచు సర్దుతూ ఉండిపోయింది. "నీకో మాట చెప్పాలి. చెప్పకపోతే నాకు స్థిమితం ఉండదు" అంది. "గురక అలా ఆగి ఆగి వస్తున్నా వెంటనే తలుపు తీయలేదు నేను. పిడి మీద చెయ్యి వేసి నిలబడ్డా. లేపితే తిడతావని. పది నిమిషాలు నిలబడి ఉంటా. ఈలోగా నీకేమన్నా అయ్యుంటే మీ అన్నయ్యకు నా మొహం ఎలా చూపించేదాన్ని? తప్పయిపోయింది, క్షమించు."

ప్రాణం పోసిన మనిషి నన్ను క్షమించమంటోంది. ఆ పది నిమిషాలు ఆవిడను గుమ్మం బయట నిలబెట్టింది నా నోరే. ఆవిడ చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాను.

"నువ్వే నన్ను క్షమించు వదినా. అంత భయపడి కూడా తీశావు."

"సర్లే," అంది ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. "ముందు ఆ ముక్కు తుడుచుకో."